పన్నెండు అంకెల సేపు

ఈ బజారు మొదట
మా నాయనమ్మ టమాటా మొక్కల గాజు పందిరిలో
ఒక అద్దపు పలక.

గాలి తప్ప ఏదీ చవగ్గా రాని
ఒటాగో కొండల్లో
గాజు దొరకడం గగనం.
ఫొటో దుకాణం మూతపడ్డ ఏడాది
పాత పలకల్ని డజను ఆరు పెన్నీల లెక్కన వేలం వేస్తే
నాయనమ్మ వాళ్లమ్మ, లవ్‌డే ట్రెగియర్,
రెండు పెట్టెలు కొని, సోడా నీళ్లతో మొహాలు కడిగేసి,
పందిరికి బిగించుకుంది.
ఒక్క పలక కడగడం మరిచింది.
మరిచిందో, చేతులు రాలేదో.

ఏడేళ్ల నేను
బకెట్ బోర్లించి ఎక్కి చూసేదాన్ని:
నల్లటి ఆకాశం, తెల్లటి నీడలు,
గుమ్మాలన్నీ దీపాలు పెట్టినట్టు వెలుగుతూ.
రాత్రి బజారు అనుకున్నాను.
టమాటా ఆకుల పసరు వాసన
ఆ రాత్రిదే అనుకున్నాను.

అరవై రెండో ఏట
మ్యూజియంలో టికెట్లు చింపే పనికి కుదిరి
పలకని గోనెలో చుట్టి తెచ్చాను.
లాక్లన్ దాన్ని కాగితం మీదికి దింపాడు.
పళ్లెంలో, మందునీళ్ల కింద,
మెల్లగా తెల్లవారింది.

పట్టపగలు.
నా చిన్నప్పటి రాత్రంతా పట్టపగలు.

అంచున సూదితో గీకిన అక్షరాలు:
కోల్డ్ స్పర్, పెద్ద బజారు, మార్చి, అరవై ఏడు.
పదహారు హోటళ్లు.
ముందు నుంచి రెండంతస్తుల చెక్క దర్జా,
వెనక చూస్తే ఒంటినిట్టాడి గుడారం.
బ్యాంకూ గుడ్డదే,
లోపలి త్రాసు ఒక్కటే ఇనుము;
గురిగింజ ఎత్తు తేడాకి
దాని ముందు కత్తులు దూశారని వినికిడి.
కుడివైపు దుకాణాలు మసక మసక,
అటు టమాటాల కోసం ఎండ ఎక్కువ పడేది.

మనుషులు లేరు.

ఆ రోజుల్లో కెమెరా మూత తీసి
పన్నెండు అంకెలు లెక్కపెట్టి మూసేవారట.
అంతసేపూ కదలనిదే నిలుస్తుంది, అన్నాడు లాక్లన్.
నడిచేవాడు అంటడు.
పరుగెత్తేవాడు అసలే అంటడు.

ఊరి దస్తరాలు తిరగేశాను.
ఆ వారమే అవతలి లోయలో
చారెడు మట్టికి కాసెత్తు అని పుకారు.
రెండు వేల మంది
దుప్పట్లు చుట్టుకుని, తవ్వుకోలలు భుజాన వేసుకుని
ఈ బజారులోంచే పోయారు,
ఈ కెమెరా ముందు నుంచే,
ఒకరినొకరు రాసుకుంటూ.
నేల మీద మోకాలెత్తున
ఈ పల్చటి పొగ
వాళ్లే.

కొండను తవ్వి ఎలుకను పట్టారని నవ్వడం తేలిక.
ఎలుకైనా దొరకనివాళ్ల పేర్లు
నాచు గీకి నేను చదివాను:
జేబెజ్ పెంగెల్లీ, ఇరవై ఒకటి, నది.
ఓలా ఎంగెబ్రెట్‌సన్, వయసు తెలియదు, మంచు.

నిలిచినవి ఇవీ:
తొట్టికి కట్టిన గుర్రం, తోక లేదు.
బేకరీ మెట్టు మీద నిండు చూలాలు,
నడుముకు ఆన్చిన చేయి, ఆ చేతి మీద పిండి.
కావడి దించిన లుయ్ సెక్
(పేరు పన్ను రసీదులో దొరికింది),
చొక్కా బొత్తాలు లెక్కపెట్టొచ్చు.
క్యాబేజీలు తెచ్చాడు,
కొనేవాళ్లు పోతుంటే చూస్తున్నాడు.

ఇంకొకటి.
బజారు నడిమధ్య, బురదలో,
ఒక జత బూట్లు.
పైన మనిషి లేడు.
పాదాలు ఆగాయి, ఒళ్లు ఆగలేదు, అన్నాడు లాక్లన్.
అటు ఎవరో పిలిచారు,
ఇటు ఎవరో పిలిచారు,
పన్నెండు అంకెలూ అతను
మెడ తిప్పుతూనే ఉన్నాడు.

వచ్చినవాళ్లు గుర్రాన్ని మెచ్చుకుంటారు.
పిల్లలు మాత్రం బూట్ల దగ్గర ఆగి
ఇతను ఏడీ, అని నన్నడుగుతారు.

సాయంత్రం తాళం వేసే ముందు
పటం ఎదుట నిలబడి
ఊపిరి బిగబట్టి లెక్కపెడతాను.
ఏడు దాకా వస్తాను.
బయట ఆఖరి బస్సు
హారన్ కొడుతుంది.